కనకం మాట్లాడిన రోజు

కనకానికి మాట వచ్చింది సరే, వచ్చిన క్షణంలో తనకేమనిపించిందో కదా రాయాలి, అనుకుంటూ లింబాద్రి మోచేతి దాకా చేతిని బాత్రూములో నీళ్లు పోయే జాలీలోకి దించాడు. గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది అని రాస్తే? అది ఇప్పటికే ఎవరో రాశారు. కళ్లు చెమర్చాయి అని రాస్తే? చెమర్చలేదు. నిజానికి శుక్రవారం పొద్దున మంచం మీద పడుకుని సీరియల్ ఆఖరి భాగం చదువుతున్నప్పుడు అతనికి ఏమీ అనిపించలేదు. పై మంచం మీద ఎవరో కాలిగోళ్లు తీసుకుంటున్న చప్పుడు మాత్రం గుర్తుంది. వేళ్లకు మెత్తగా ఏదో తగిలింది. పట్టి లాగాడు. సబ్బు జిగురుతో కలిసి ఉండకట్టిన జుట్టు నల్లటి తాడులా బయటికి వచ్చింది.

"సంచి," అన్నాడు వెనక్కి చూడకుండా.

హెల్పరు మొండయ్య అప్పటికే సంచి నోరు తెరిచి పట్టుకుని ఉన్నాడు.

అతను ఇవాళ పనికి రానక్కర్లేదు. మధ్యాహ్నపు విరామం ముగియవచ్చే వేళకు కంపెనీ వ్యాను వచ్చి అతన్ని దమ్మాం ఎయిర్‌పోర్టుకు తీసుకుపోతుంది. ఇక తిరిగి రాకుండా ఎగ్జిట్ ముద్ర కొట్టిన పాస్‌పోర్టు వ్యానులోనే చేతికిస్తారు. అయినా రూములో కూర్చుని ఏం చేయాలని, పొద్దున్నే యూనిఫాం తొడుక్కుని అందరితో పాటు బస్సెక్కాడు. ముసలివాడు. మెడ వెనక చర్మం ఎండకు కాలి కాలి, నీళ్లింకిన చెరువు మట్టిలా గళ్లుగళ్లుగా పగిలింది. ఎడమ చెవి తమ్మె ఎప్పుడో తెగి రెండు ముక్కలుగా వేలాడుతుంది. ఏదైనా శ్రద్ధగా వినాలంటే ఆ తెగిన చెవినే ముందుకు పెడతాడు, మంచి చెవి మీద నమ్మకం లేనట్టు.

లింబాద్రి చేతులు కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. అద్దంలో తన ముఖం కనిపిస్తే, ఆ ముఖానికి ఏమనిపించి ఉండాలో ఊహించడానికి ప్రయత్నించాడు. నలభై దాటిన, నున్నగా గీసుకున్న, ఎవరికీ గుర్తుండని ముఖం. భీంగల్ దగ్గరి ఊరు వదిలి వచ్చినప్పుడు ఇంటర్ తప్పాడు. ఇక్కడికొచ్చి మట్టి మోశాడు, తర్వాత పైపులు పట్టడం నేర్చుకున్నాడు. ధహ్రాన్‌లో ఇంజనీర్లు కుటుంబాలతో ఉండే ఈ కాంపౌండులో పారనిది పారించడం, కారేది ఆపడం అతని పని. భార్యతో ఫోనులో మాట్లాడితే ఆమె తిన్నావా అంటుంది, తిన్నానంటాడు. ఏ విషయం మీదైనా నువ్వేమనుకుంటున్నావని అతన్ని అడిగిన మనిషి ఈ భూమ్మీద లేడు.

గ్రూపులో అడిగారు.

కనకం ఒక మూగపిల్ల. ఫోనులో శుక్రవారం శుక్రవారం వచ్చే ఒక సీరియల్లో ఉంటుంది. ఒక బావి కోసం బావ, బావమరిది కొట్టుకుంటారు. ఒకనాడు ఆ బావిలో శవం తేలుతుంది. ఎవరు తోశారో చూసింది కనకం ఒక్కతే, ఆనాటి నుంచి ఆమెకు మాట పడిపోయింది. సీరియల్‌కు అసలు పేరు ఏదో ఉన్నా చదివేవాళ్లందరికీ అది కనకం కథే. వాళ్లంతా కలిసి 'కనకం కబుర్లు' అని ఒక గ్రూపు పెట్టుకున్నారు. కనకం బొమ్మలు గీసి పెడతారు. ఆమె పావడా ఏ రంగుదని వాదించుకుంటారు. ఆమెకొక పుట్టినరోజు తామే నిర్ణయించి, ఎవరిళ్లలో వాళ్లు కేకు కోసి ఫొటోలు పంచుకున్నారు. ఇవి చాలక ఈ ఏడాది చదువు పందెం మొదలైంది. ప్రతి భాగం చదివి, అనిపించింది నాలుగు మాటల్లో రాయాలి. గ్రూపు నడిపే ప్రేమలత అనే ఆవిడ వారం వారం మంచిదాన్ని ఏరి పైన పెడుతుంది. ఆఖరి భాగం మీద అందరికంటే బాగా రాసినవారి మాటల్ని, సీరియల్ పుస్తకంగా వచ్చినప్పుడు వెనక అట్ట మీద పేరుతో సహా వేస్తారు. దానికి గడువు ఇవాళే, ఇండియాలో పొద్దుగూకే దాకా.

ఆ అట్ట తనదే అవుతుందని గ్రూపులో అందరూ అనుకుంటున్నారని లింబాద్రికి తెలుసు. 'లింబాద్రి సర్ ఇంకా రాయలేదు, ఆగండి,' అని పొద్దున కూడా ఎవరో పెట్టారు. సర్ అనేది ఎలా వచ్చిందంటే, మొదట్లో ఎక్కడుంటారని అడిగితే ధహ్రాన్ అని రాశాడు. ఆయిల్ ఇంజనీర్లుండే చోటు కదా సర్, అంది ప్రేమలత. అతను దండం పెట్టే బొమ్మ పంపాడు. అబద్ధం ఏమీ ఆడలేదు.

సంచి మూతి ముడేసి మొండయ్య భుజానికెత్తుకున్నాడు. "ఇగ నడువు బిడ్డా, ఎండ గొట్టంగ ముందే పంపు రూముల వడదాం," అన్నాడు. ఆ గొంతులో తొందర ఎందుకో లింబాద్రికి తెలుసు.

వేసవిలో మిట్టమధ్యాహ్నం బయట పని చేయించకూడదని ఇక్కడి నియమం. మిగతావాళ్లు ఆ సమయానికి షెడ్డులో అడ్డంగా పడి నిద్రపోతారు. వీళ్లిద్దరూ కాంపౌండు చివరి పంపు రూముకు పోతారు. సగం నేలలోకి దిగిన గది, చల్లగా ఉంటుంది. రెండు మోటార్లు. ఒకదాని సీలు అరిగి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతుంటాయి. కొత్త సీలు వచ్చేదాకా దాని కింద బకెట్టు పెట్టమని ఫోర్‌మన్ దిలావర్ ఎన్నోసార్లు చెప్పాడు. బకెట్టు ఉంది, తెల్లటి పెద్ద పెయింటు బకెట్టు. కానీ అది బోర్లా తిప్పి ఉంటుంది. దాని మీద మొండయ్య పాత యూనిఫాం చొక్కా మడతపెట్టి ఉంటుంది. మొండయ్య దాని మీద కూర్చుంటాడు. లింబాద్రి మెట్టు మీద కూర్చుని కనకం కథ చదువుతాడు. నీళ్లు నేల మీదే కారి, గోడ వారగా పచ్చటి పాకుడు కట్టాయి.

మొండయ్యకు అక్షరం రాదు. మొదట్లో పొద్దుపోవడానికి చదివి వినిపించాడు. కనకాన్ని మాట్లాడించాలని తల్లి చింతబరికెతో కొట్టే భాగం దగ్గర మొండయ్య చెయ్యెత్తి ఆపాడు. "ఆ తల్లి చెయ్యి జూడు బిడ్డా, కొట్టంగ కొట్టంగ మెల్లగైతున్నది. పిల్ల చెప్తలేదని గాదు. చెప్తదేమో అని భయమైతున్నదామెకు."

ఆ పూట లింబాద్రి ఆ మాటనే పుస్తకాల భాషలోకి మార్చి గ్రూపులో పెట్టాడు. ఎవరికీ తట్టనిది తట్టింది మీకు, సైకాలజీ చదివారా సర్, అని ప్రేమలత అడిగింది. ఫోను ఛాతీ మీద పెట్టుకుని చాలాసేపు పడుకున్నాడు. తర్వాత నుంచి చదవడం తీరే మారిపోయింది. ఒక పేరా చదివి ఆగేవాడు. తెగిన చెవి వైపు చూసేవాడు. నీళ్లు పడతాయా పడవా అని బోరు పక్కన నిలబడ్డ రైతులా ముసలివాడి నోటి వైపు చూస్తూ కూర్చునేవాడు. ఏదో ఒకటి వచ్చేది. ప్రతిసారీ వచ్చేది. దాన్ని తుడిచి, నున్నగా చేసి, తన పేరు కింద పెట్టేవాడు. నెలలు గడిచేసరికి ఆ మాటలు తనవే అనిపించసాగాయి. చదివింది తను. రాసింది తను. బకెట్టు మీద కూర్చున్నవాడు ఏం చేశాడు, కూర్చున్నాడు.

అలాగే సాగిపోయేదేమో, భూమేష్ ఆ గ్రూపులో చేరకపోతే. అదే రూములో ఉండే ఎలక్ట్రీషియను, ఊరికే ఉండలేని కుర్రాడు. ఒక సాయంత్రం వంట దగ్గర అందరూ ఉండగా లింబాద్రి రాసింది పైకి చదివాడు. ఉల్లిగడ్డ కోస్తున్న మొండయ్య కత్తి ఆపాడు. ముఖమంతా వెడల్పయింది.

"గిది నేనన్న మాటే గద. నా మాట ఫోన్ల వడ్డదా? మల్లోపాలి సదువు."

భూమేష్ మళ్లీ చదివాడు. చదివి లింబాద్రి వైపు తిరిగాడు. "అయితే అసలు ఇంజనీరు సాబ్ మొండయ్య కాకనే అన్నట్టు. లింబన్నా, నువ్వు హెల్పరువా మరి?"

రూమంతా నవ్వింది. లింబాద్రి కూడా నవ్వాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది మొండయ్య. ఆ నవ్వులో ఒక్క పిసరు కోపం ఉన్నా లింబాద్రి దాన్ని ఓర్చుకునేవాడు. కోపం ఉంటే జవాబు చెప్పవచ్చు, పోట్లాడవచ్చు. ముసలివాడు మాత్రం సంతోషపడ్డాడు. తన మాట ఎక్కడికో పోయిందని సంతోషపడ్డాడు, ఆ పూట లింబాద్రి పళ్లెంలో మాంసం ముక్కలు ఏరి ఏరి వేశాడు. ఆ ముక్కలు నమిలి మింగడం లింబాద్రికి ఇప్పటికీ గుర్తుంది. ఆనాటి నుంచి రూములో మొండయ్య పేరు ఇంజనీరు సాబ్ అయింది.

వారం తిరక్కముందే దిలావర్ పంపు రూముకు వచ్చాడు. కంపెనీలో సౌదీలు తక్కువ, పరదేశీలు ఎక్కువ. ఆ లెక్క చూసి సర్కారు కంపెనీకిచ్చే రంగు ఎరుపులోకి జారేలా ఉంది, పైగా ఈ ఏడాది నుంచి పరదేశీ తలకింత అని నెలనెలా లెవీ కట్టాలి. ప్లంబరు దగ్గర ఇద్దరు హెల్పర్లుంటే ఒకరు పోవాలని ఆఫీసు నుంచి మాట వచ్చింది. లింబాద్రి దగ్గర ఉన్నది మొండయ్య, ఇస్మాయిల్ అనే బంగ్లాదేశీ. ఇస్మాయిల్ తనంతట తానే పోతానని నెల నుంచి అడుగుతున్నాడు. అది దిలావర్‌కు తెలియదు, లింబాద్రికి తెలుసు.

"కౌన్ జాయేగా? తూ బోల్," అన్నాడు దిలావర్, ఎవరు పోవాలో అతన్నే చెప్పమని.

"బుడ్ఢా," అన్నాడు లింబాద్రి, ముసలివాడని.

లింబాద్రి దేశంవాడే కదా, ఆలోచించుకోమన్నాడు దిలావర్. "సోచ్ లే. తేరే ములుక్ కా ఆద్మీ హై."

"సోచ్ లియా," అన్నాడు లింబాద్రి.

ఆ రెండు మాటలు పలకడం ఎంత తేలికో అతనికే ఆశ్చర్యం వేసింది. గ్రూపులో నాలుగు వాక్యాలకు పూట పట్టేది.

పంపు రూములో మొండయ్య టిఫిన్ డబ్బా విప్పి అన్నం, టమాట కూర రెండు భాగాలు చేశాడు. తిన్నారు. చేతులు కడుక్కొచ్చి మొండయ్య బకెట్టు మీద కూర్చుని, చొక్కా మడత సరిచేసుకుని, తెగిన చెవి ముందుకు పెట్టాడు.

"ఆఖరు భాగం అచ్చిందా?"

"రాలే కాకా."

"మొన్న శుక్కురారమే రావాలె గద."

"రాసేటాయనకు పాణం బాగ లేదట."

"గాయ్నకు గూడ ఎగ్జిట్ గొట్టిన్రా ఏంది?" అని మొండయ్య పళ్లు లేని పక్క నుంచి నవ్వాడు.

ఫోను లింబాద్రి చేతిలోనే ఉంది. ఆఖరి భాగం అందులోనే ఉంది. పంచాయితీలో అందరి ముందు కనకం నోరు తెరిచి తన సొంత మేనమామ పేరు చెబుతుంది. ఊరు అతన్ని వెళ్లగొడుతుంది. అంతే కథ. చదివితే ముసలివాడు ఏదో ఒకటి అంటాడు. అన్నాక ఇక అది తప్ప మరొకటి రాయడం తన వల్ల కాదు. ఈ ఒక్కటైనా తనది కావాలి. ఇలా అనుకున్నాడు కానీ దీని కింద ఇంకొకటి కూడా ఉంది. జాలీలో వేళ్లకు తగిలిన మెత్తటిదానిలాంటిది. ఇతనికి కావలసింది నా దగ్గర ఉంది, నేను ఇవ్వను. దాన్ని పైకి లాగి చూడలేదు.

ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది. తెర మీద చప్పట్లు, ఏడుపు ముఖాలు, పూలు.

"ఏమంటున్నరు గాల్లు?" అన్నాడు మొండయ్య ముందుకు వంగి.

కనకం మాట్లాడిందండీ, నేనింకా తేరుకోలేదు, అని రాసి ఉంది. లింబాద్రి కథ చదివేటప్పుడు వాడే నిదానపు గొంతుతో పైకి చదివాడు. "ఇంకా రాలేదు, అందరం ఎదురు చూస్తున్నాం." ఆ గొంతును మొండయ్య ఏనాడూ అనుమానించలేదు. బాధగా తలూపాడు.

"పాపం, ఎంతమంది కాసుకోని ఉన్నరో."

లింబాద్రి తల వంచుకుని టైపు చేశాడు. కనకం గొంతు విన్న ఆ క్షణం. చెరిపేశాడు. మౌనం అనేది. చెరిపేశాడు. సీలు దగ్గర బొట్టు పొడుగ్గా సాగి, తెగి, నేల మీద పడింది.

"నేను వొయినంక ఎట్ల బిడ్డా?" అన్నాడు మొండయ్య కాసేపటికి.

"ఫోన్ జేసి చెప్త తియ్యి."

"చెప్పుడు గాదు, సదవాలె. ఆడ మా అక్క పోచవ్వ ఉంటది. దానికీ రాదు, నాకూ రాదు. టీవీ పెడ్తది గని, గది ఆగది. నాకేమొ నడుమ ఆపి అడగబుద్ధయితది." ఒక చేత్తో మోకాలు రుద్దుకున్నాడు. "నువ్వు ఆపనిస్తవు."

లింబాద్రి వేలు ఆఖరి భాగం మీదికి పోయింది. తెర మీద మొదటి వాక్యం తెరుచుకుంది. ఒక పేరా చదివితే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది. గొంతు సవరించుకున్నాడు. మొండయ్య ఆ సవరింపు విని, చదవబోతున్నాడనుకుని, సంబరంగా బకెట్టు ముందుకు జరుపుకుని సరదాకి అన్నాడు.

"అవునుగని, నేను వోతే మరి నీ గ్రూపుల రాసుడెట్ల?"

లింబాద్రి ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు.

"సిగ్నల్ లేదు," అన్నాడు.

 మొండయ్య గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోతే చెవి తమ్మెలో రెండు ముక్కలూ కొద్దిగా అదిరాయి. లింబాద్రి ఆ నోటి వైపు చూస్తూ కూర్చున్నాడు.

వ్యాను హారన్ వినగానే మొండయ్య లేచాడు. పంపు రూములోనే యూనిఫాం విప్పి తెల్లచొక్కా తొడుక్కున్నాడు. ఇస్త్రీ మడతలు ఎముకల మీద నిలబడ్డాయి. తాడుతో కట్టిన అట్టపెట్టె, ఒక బ్యాగు గేటు దగ్గర పొద్దున్నే పెట్టి ఉంచాడు. వ్యానులో ముందే ఐదారుగురు ఉన్నారు. డ్రైవరు పాస్‌పోర్టు కిటికీలోంచి ఇచ్చాడు. మొండయ్య దాన్ని తిరగేసి, ఏం రాసుందో తెలియక, ముద్ర వైపు మాత్రం చూసి జేబులో పెట్టుకున్నాడు. అట్టపెట్టె లింబాద్రి ఎక్కించాడు. ముసలివాడు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"నాకేమనిపిస్తదంటె బిడ్డా, ఆ పిల్ల మాట్లాడది."

లింబాద్రి వ్యాను తలుపు పట్టుకున్నాడు.

"మాట అచ్చినా మాట్లాడది. నోరు తెరిసిందనుకో, ఎవలదో ఒకలది పేరు చెప్పాలె గద. పేరు చెప్తె వాడు పోవాలె. చెప్పినోళ్లు ఆన్నే ఉండాలె, రోజూ ఆ బావి నీళ్లే తాగాలె. గంత కష్టం ఆ పిల్లకెందుకు?" లింబాద్రి భుజం మీద చెయ్యి వేసి తట్టాడు. "మాట్లాడకుంటనే మంచిగుంటది. నువ్వు జూడు, ఆయ్న గట్లనే రాస్తడు."

లింబాద్రి ఆ ముఖంలోకి చూశాడు. నీళ్ల మడుగులో పడిన, నట్లు తిప్పే పాన కోసం వెతికినట్టు వెతికాడు. తెలుసా ఇతనికి? ఎవరు చెప్పారు? దిలావర్ చెప్పాడా? కళ్లలో ఎండ పడి మొండయ్య కళ్లు చికిలించాడు. ఇంకేమీ కనిపించలేదు. చెయ్యి భుజం మీది నుంచి తీసి లోపలికి ఎక్కాడు. తలుపు జారి మూసుకుంది. నల్లటి అద్దం, అందులో లింబాద్రే. వ్యాను కాంపౌండు గోడ మలుపు తిరిగింది.

పనికి ఇంకా కొద్దిసేపుంది. లింబాద్రి పంపు రూముకు వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఫోను తీశాడు. గడువు దగ్గర పడిందని ప్రేమలత గుర్తు చేసింది. వేళ్లు కదిలాయి, ఈసారి దేన్నీ చెరపలేదు.

'కనకం మాట్లాడకుండా ఉండాల్సింది. నోరు తెరిస్తే ఎవరిదో ఒకరిది పేరు చెప్పాలి. పేరు చెబితే అతను వెళ్లిపోవాలి. చెప్పిన మనిషి మాత్రం అక్కడే ఉండి, రోజూ ఆ బావి నీళ్లే తాగాలి.'

ఒకసారి చదువుకున్నాడు. ఎక్కడా ఒక్క అక్షరం మార్చడానికి లేదు. పంపాడు.

 కాసేపటికి జవాబులు ఒక్కటొక్కటిగా మొదలయ్యాయి. అందరం మాట్లాడిందని పండగ చేసుకుంటుంటే మీరొక్కరే దీన్ని చూశారు సర్. ఒళ్లు జలదరించింది సర్. ఇంత లోతుగా ఎలా ఆలోచిస్తారు సర్. చివరికి ప్రేమలత, అట్ట మీద వేయడానికి మీ పూర్తి పేరు, హోదా పంపండి సర్, అని రాసింది. లింబాద్రి పేరు రాశాడు. కామా పెట్టాడు. ధహ్రాన్ అని రాశాడు. దండం పెట్టే బొమ్మ పంపాడు.

ఫోను నిశ్శబ్దమయ్యాక బొట్టు చప్పుడు వినిపించింది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు ఉంది, కానీ దాని మీద ఎప్పుడూ ఒక గొంతు ఉండేది. లింబాద్రి లేచాడు. బకెట్టు మీది చొక్కాను తీసి పక్కన మెట్టు మీద పెట్టాడు. బకెట్టును తిప్పి, సీలు కిందికి కాలితో జరిపాడు. మొదటి బొట్టు ఖాళీ అడుగున టప్పుమని పెద్దగా మోగింది.

మెట్టు మీద మడత విప్పని పాత చొక్కా, మనిషి కూర్చున్న మేర పల్లంగా, ఇంకా కొద్దిగా వెచ్చగా ఉంది.